కూల్చేముందు ఏడు దినాలు



ఇల్లు కట్టుకొనేవారి కోసం వ్రాసేవారు చాలామంది ఉన్నారు. ఈ నెల మేము ఇల్లు పడగొట్టబోయేవారి కోసం వ్రాస్తున్నాము. మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మిరపకాయలు యార్డుకు వెళ్ళి, పత్తి అమ్ముడుపోయి, చేతిలో నాలుగు డబ్బులు ఆడే కాలం ఎండాకాలమే. ఇంటి మాటలు లేచేదీ అప్పుడే. "ఈ పాత కొంపకు ఎంత పెట్టినా దండుగే, పడగొట్టి డాబా వేసుకొందాం" అంటాడు కొడుకు. తండ్రి మాటాడడు. తల్లి ద్వారబంధం వైపు చూస్తుంది. జె.సి.బి. వచ్చిన రోజు సాయంత్రానికి అక్కడ ఇల్లు ఉండదు, మట్టికుప్ప ఉంటుంది.

ఆ కుప్పలో ఏమి పోయిందో తరువాత గాని తెలియదు. ఆ ఇల్లు ఒక ఉపదేశి కట్టుకొన్నది కావచ్చు. నెలకు కొద్ది రూపాయల జీతం మీద బ్రతికిన మిషను బడి పంతులు, రెక్కలు ముక్కలు చేసుకొని లేపినది కావచ్చు. పాలెంలో అంతకుముందు అన్నీ తాటాకు గుడిసెలే అయితే, మొట్టమొదటి పెంకుటిల్లు అదే అయి ఉంటుంది. ఆ అరుగు మీద పిల్లలు అక్షరాలు దిద్ది ఉంటారు. గుడి కట్టకముందు ఆదివారపు కూడిక అక్కడే జరిగి ఉంటుంది. అలాంటి ఇంటిని ఎన్నటికీ కూల్చకూడదని మేము అనడం లేదు. కూల్చేముందు చూడవలసినట్లు చూశామా అని మాత్రమే అడుగుతున్నాము.

లేవీయకాండపు గోడ

లేవీయకాండము 14వ అధ్యాయము మనలో చాలామంది త్వరత్వరగా చదివి దాటిపోయే భాగము. అందులో జబ్బుపడిన ఇంటిని గురించిన కట్టడ ఉన్నది. గోడలో పల్లముగా, పచ్చగానో ఎఱ్ఱగానో మచ్చ కనబడితే ఇంటి యజమానుడు యాజకునికి తెలియజేయాలి. యాజకుడు వచ్చి చూస్తాడు. చూచిన వెంటనే కూల్చమనడు. ఇల్లు ఏడు దినాలు మూయించి మళ్ళీ వచ్చి చూస్తాడు. మచ్చ వ్యాపించి ఉంటే ఆ మచ్చ తగిలిన రాళ్ళను మాత్రం ఊడదీయిస్తాడు. ఇంటి లోపలి పూత గీకిస్తాడు. వేరే రాళ్ళు పెట్టించి, వేరే అడుసుతో పూత పూయిస్తాడు. ఇంత చేసిన తరువాత కూడా మచ్చ మళ్ళీ పుట్టి పెరిగితే అప్పుడే ఆ ఇంటిని పడగొట్టాలి. మళ్ళీ రాకపోతే ఇల్లు బాగుపడినట్లే.

ఈ వరుసను గమనించండి. ముందు చూడడం, తరువాత కొన్నాళ్ళు ఆగడం, చెడినంత మేరకే తీయడం, తీసినచోట తగినది పెట్టడం, చివరి మాటగా కూల్చడం. పాత కట్టడాలను బాగుచేసే నిపుణులు నేడు పాటించే పద్ధతి కూడా ఇంచుమించు ఇదే. మనము మాత్రం చివరి మాటతో మొదలుపెడుతున్నాము.

మన బంగళాలు, మన ఇళ్ళు

గుంటూరులో లూథరన్ మిషను పని 1842 జూలై 31న హయ్యరు అయ్యగారి రాకతో మొదలైంది. ఆయనను ఆహ్వానించి నిలువనీడ చూపినవాడు అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్సు. 1849 నాటికి హయ్యరు గారు పల్నాటిలో గురజాల చేరారు. డాక్టర్ అన్నా కూగ్లరు అమ్మగారు 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆసుపత్రి భవనము తెరిచారు.

ఒంగోలు సంగతి ఇంకా చిత్రమైనది. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జూయెట్ దొరగారు, దొరసానిగారు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు కొండ ఎక్కి ప్రార్థించారు. దానినే మనము నేటికీ ప్రార్థన కొండ అంటున్నాము. కొండ దిగువన నాగజెముడు పొదలు కమ్మిన మిట్ట ఒకటి చూచి, మిషను బంగళాకు ఆ చోటు ఎంత బాగుండునో అని ఆ ఉదయం మాటలాడుకొన్నారని మిషను చరిత్రకారులు వ్రాశారు. అంటే ఒంగోలు సంఘానికి ఇల్లు ముందుగా ఒక కోరికగా పుట్టి, ఆ తరువాతే గోడలుగా లేచింది. క్లౌ దొరగారు 1866లో ఒంగోలు చేరారు. 1876–78 నాటి గొప్ప కరవులో ఆయన బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగము గుత్తకు తీసుకొని, ఆకలిగొన్న వేలమందికి పని చూపారు.

ఈ సంగతులు చెప్పడం దొరలను పొగడడానికి కాదు. బంగళాలో కాపురము దొరలది. అయితే సున్నం కాల్చినవారు, గానుగ త్రిప్పినవారు, రాయి మోసినవారు, ఇటుక అందించినవారు ఈ నేలవారే. వారి పేర్లు మిషను నివేదికలకు ఎక్కలేదు, వారికి సమాధి రాళ్ళు లేవు. వారు మనకు వదిలిన వ్రాత ఆ గోడలే. బంగళాను చూచి "అది దొరల ఇల్లు, మనకెందుకు" అనేవారికి మేము చెప్పే జవాబు ఇదే. ఆ వరండా మెట్ల దగ్గర చేతులు కట్టుకొని నిలబడిన మన పెద్దల జ్ఞాపకము చేదుదే. కాని ఆ గోడ పడగొట్టినంత మాత్రాన ఆ చేదు పోదు. పెద్దల చేతిపని మాత్రం పోతుంది.

పాత గోడ ఊపిరి తీస్తుంది

ఇక పని మాటకు వద్దాము. మన దేశములో సిమెంటు అందరికీ అందుబాటులోకి రాకముందు కట్టిన ఇళ్ళన్నీ సున్నంతోనో, బంకమట్టితోనో లేచినవే. అడుగున్నర, రెండడుగుల మందపు గోడలు, పైన సున్నపు పూత. పునాదిలో చెమ్మను ఆపే అడ్డుపొర వాటిలో సాధారణంగా ఉండదు. నేలలోని తేమ గోడలోనికి కొంత ఎక్కుతుంది, సున్నపు పూతగుండా మెల్లగా గాలిలోనికి ఆరిపోతుంది. ఈ రాకపోకలు సాగినంత కాలము గోడకు ఏ హానీ లేదు. అందుకే పాత తాపీమేస్త్రులు గోడ ఊపిరి తీస్తుందని అనేవారు.

అలాంటి గోడ అడుగున కొంచెం పూత రాలిందని మనము సిమెంటు పూయిస్తాము. సిమెంటు పూత గట్టిది, తేమను బయటకు పోనివ్వదు. లోపల చిక్కిన తేమ దారి వెదుక్కొంటూ పైకి ఎక్కుతుంది. నిరుడు మోకాలి ఎత్తున ఉన్న చెమ్మ ఈ ఏడు నడుము ఎత్తుకు వస్తుంది. తేమతోపాటు నేలలోని ఉప్పు కూడా వచ్చి, పూత వెనుక తెల్లగా పేరుకొని, ఇటుకను పొడిపొడి చేస్తుంది. రెండు మూడు వర్షాకాలాలు గడిచేసరికి సిమెంటు పలకలు పలకలుగా ఊడిపడుతుంది, దానితోపాటు ఇటుక ముఖము కూడా ఊడివస్తుంది. అప్పుడు మనము "చూశారా, పాత గోడ పనికిరాదు" అంటాము. చెడింది గోడ కాదు, మనము వేసిన మందు.

నేల విషయము కూడా అంతే. చెమ్మగా ఉన్నదని గచ్చు త్రవ్వించి, నునుపైన కొత్త టైల్సు పరిపిస్తాము. నేలంతటా ఆరిపోయే తేమ ఇప్పుడు గోడల వైపు మళ్ళుతుంది. టైల్సు వేయించిన మరుసటి ఏడే గోడలు తడిసిపోయాయని ఆశ్చర్యపడడం అందువల్లనే. పాత గచ్చు పగిలినచోట సున్నము, ఇటుకపొడి కలిపి అతుకు వేయించండి. తప్పనిసరిగా కొత్త నేల కావాలంటే మన పల్నాటి నాపరాళ్ళు సున్నంలో పరిపించండి. రాళ్ళ సందుల్లోనుండి నేల ఆరుతుంది.

నల్లరేగడి మీద ఇల్లు

మన ప్రాంతపు ఇళ్ళకు ఇంకొక శోధన ఉన్నది. పత్తికీ మిరపకూ పేరుపడిన నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి చేయి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. రెంటచింతల ఎండ సంగతి తెలియనివారు మనలో లేరు. నేల ఏటేటా ఇలా ఊపిరి పీల్చి వదులుతుంటే దానిమీది గోడ కదలకుండా ఉండదు. కిటికీ మూలలనుండి, ద్వారబంధం పైనుండి ఏటవాలు పగుళ్ళు రావడానికి తరచు కారణము ఇదే.

పగులు కనబడగానే భయపడి ఇల్లు కూల్చకండి, వెంటనే సిమెంటు కూరకండి. పగులుకు అడ్డంగా ఒక సన్నని గాజు ముక్కను రెండు కొనలా అతికించి, దాని ప్రక్కన తేదీ వ్రాయండి. ఒక ఎండాకాలము, ఒక వానాకాలము గడవనివ్వండి. గాజు పగలకపోతే ఆ పగులు ఎప్పుడో వచ్చి ఆగిపోయినది. సున్నంతో నింపితే చాలు. గాజు పగిలితే నేల ఇంకా కదులుతున్నదన్నమాట. అప్పుడు చూడవలసింది నేలను. చూరు నీరు పునాది దగ్గరే గుంటకట్టి నిలుస్తున్నదా? స్నానాల గది నీరు గోడ మొదట ఇంకుతున్నదా? గోడకు దగ్గరలో రావిగాని వేపగాని మహావృక్షమై నేలలోని తేమను లాగుతున్నదా? ఇంటిచుట్టూ మూడు నాలుగు అడుగుల వెడల్పున నీరు బయటికి జారేటట్లు వాలుగా గట్టిచేసి, కాలువ తీసి, నీటిని దూరంగా పంపితే సగము జబ్బు కుదురుతుంది. పెద్ద చెట్టును ఒక్కసారిగా నరికినా నేల ఉబ్బి గోడ పగలవచ్చు. అందుచేత ముందు కొమ్మలు తగ్గించి చూడండి.

ఇంకొక మాట. ధర కోసం ఆగి, పత్తిని గదినిండా గోడలకు ఆనించి పోసే అలవాటు మనకున్నది. మిరప బస్తాలు కూడా నెలల తరబడి అలాగే పేరుస్తాము. గాలి ఆడని గోడ చెమ్మ పడుతుంది, చెదలు కంటికి కనబడవు. గోడకూ సరుకుకూ నడుమ మనిషి పట్టేంత ఖాళీ వదలండి.

పైకప్పే ప్రాణము

పాత ఇంటికి పైకప్పు బాగుంటే గోడలు నూరేళ్ళు నిలుస్తాయి. కప్పు కారితే ఎంత మంచి గోడ అయినా కొద్ది సంవత్సరాలలో కూలుతుంది. డబ్బు కొంచెమే ఉంటే అదంతా కప్పుకే పెట్టండి. రంగులు తరువాత.

పెంకుటిళ్ళకు ఏటా తొలకరికి ముందు పెంకులు తిరగవేయించడం మన పెద్దల ఆచారము. కోతుల బాధ పెరిగిన ఈ రోజుల్లో అది ఇంకా అవసరము. నాలుగు పెంకులు పగిలి దూలం తడిస్తే నష్టము దూలానికి, పెంకులకు కాదు. గోనెసంచి నిండా పాత పెంకులు అటక మీద దాచి ఉంచండి. కుమ్మరి పెంకులు దొరకడం కష్టమవుతున్నది గనుక పక్కవారు ఇల్లు పడగొడుతుంటే అడిగి తెచ్చుకోండి. చాలా పాత ఇళ్ళ మీద కనబడే వెడల్పాటి మంగుళూరు పెంకుల చరిత్రలో మన విశ్వాసులకు సంబంధించిన సంగతి ఒకటి ఉన్నది. మంగుళూరులో బాసెలు మిషనువారు 1865లో పెంకుల కర్మాగారము పెట్టారు. క్రొత్తగా విశ్వాసులై కులమునుండి వెలివేయబడి జీవనాధారము పోగొట్టుకొన్నవారికి పని చూపడం ఆ మిషను పరిశ్రమల ఉద్దేశాలలో ఒకటి. ఆ పెంకులను పాత ఇనుముగా అమ్మేవాటితో కలిపి పారవేసేముందు ఈ మాట తలచుకోండి.

మిద్దె ఇళ్ళు, బంగళాలు చాలావరకు మద్రాసు మిద్దె పద్ధతిలో కప్పినవి. టేకు దూలాల మీద దంతెలు, వాటిమీద సన్నని ఇటుకలు నిలువుగా సున్నంలో ఏటవాలు వరుసలుగా పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు దిమ్మిస వేసేవారు. ఇవి కారేది ఎక్కువగా మూడు చోట్ల: పూడిపోయిన తూముల దగ్గర, పిట్టగోడ మొదట, రావి మొక్క వేరూనినచోట. ఈ మూడూ ముందు బాగుచేయించండి. కారుతున్నదని పైన సిమెంటు కాంక్రీటు పోయిస్తే దూలాల మీద మోయలేని బరువు పడుతుంది, లోపలి తడి ఆరక కలప కుళ్ళుతుంది.

నీళ్ళ ట్యాంకు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వెయ్యి లీటర్ల నీరంటే వెయ్యి కిలోల బరువు. పది క్వింటాళ్ళ బస్తాలను పాత మిద్దె నడుమ రేయింబవళ్ళు ఉంచినట్లే. ట్యాంకును ఇంటి వెనుక వేరే దిమ్మె మీద నిలపండి.

దూలం కొన గోడలో కుళ్ళితే దూలం మొత్తము తీసివేయనక్కరలేదు. కప్పుకు పోట్లు పెట్టి, కుళ్ళినంత మేర కోసి, గట్టి టేకుతో అతుకువేసి బోల్టులు బిగించగల వడ్రంగులు ఇంకా ఉన్నారు. అతుకు కనబడితే సిగ్గుపడనక్కరలేదు. మళ్ళీ పెట్టేటప్పుడు దూలం కొన చుట్టూ కొంత ఖాళీ వదిలి గాలి తగలనివ్వాలి.

ముసలమ్మకు మరుగుదొడ్డి వద్దా?

పాత ఇంటి రూపము కాపాడాలంటే పాత కష్టాలన్నీ పడాలా అని ఇంటి ఆడవారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. రాత్రివేళ వృద్ధురాలు వాకిలి దాటి వెళ్ళవలసిన ఇల్లు ఎంత పురాతనమైనదైనా మంచి ఇల్లు కాదు. పొయ్యి పొగలో కోడలు కళ్ళు పోగొట్టుకోవలసిన అవసరమూ లేదు. సౌకర్యాలు చేర్చండి. అయితే చేర్చే పద్ధతి ఒకటి ఉన్నది. స్నానాల గది, మరుగుదొడ్డి, కొత్త వంటగది ఇంటి వెనుక వసారాకు ఆనించి వేరుగా కట్టండి. రేపు మీ మనవలు వద్దనుకొంటే అసలు ఇంటికి గాయము కాకుండా తీసివేయగలగాలి. కరెంటు తీగల కోసం సున్నపు గోడలను గాడులు కొట్టించకండి. గోడమీదనే చెక్క పట్టీలలోనో గొట్టాలలోనో నడిపించండి. చల్లదనము కోసమని ఎత్తైన కప్పు క్రింద తేలికపాటి సీలింగు బిగించి, పైనున్న గాలి కన్నాలు మూసివేసే అలవాటు ఉన్నది. వేడిగాలి పైకి పోయే దారి అదే. ఎత్తైన కప్పు, మందపు గోడ, చుట్టూ వసారా, ఎదురెదురు కిటికీలు – ఈ నాలుగూ మన ఎండలకు ఆనాటివారు కనిపెట్టిన ఉపాయాలు.

ద్వారబంధాలు, తలుపులు, దీపపు గూళ్ళు, గడప పైన చెక్కిన సంవత్సరము, ఇవి ఇంటి ముఖము. వీటిని పాత కలప అడితికి అమ్మివేస్తే వచ్చే డబ్బు ఎక్కువకాలము నిలువదు. మళ్ళీ చేయించాలంటే అంత టేకు దొరకదు.

సున్నము, దాని పనివారు

మంచి సున్నానికి మనము దూరము పోనక్కరలేదు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు రాష్ట్రమంతటా పేరున్నది. రాతి సున్నాన్ని నీటిలో నానబెట్టి, మెత్తని వెన్నలా అయ్యేవరకు కొన్ని వారాలు నీటి అడుగున నిలువ ఉంచాలి. విరిసేటప్పుడు అది సలసల మరుగుతుంది, కళ్ళకు చాలా ప్రమాదము. పిల్లలను దగ్గరకు రానివ్వకండి. దానిలో ఇసుకగాని ఇటుకపొడిగాని కలిపి గానుగ ఆడిస్తే డంగుసున్నము అవుతుంది. పూర్వులు కరక్కాయ నానబెట్టిన నీరు, బెల్లపు నీరు కలిపేవారు. పూత గట్టిపడడానికి, పగలకుండా ఉండడానికి అది తోడ్పడుతుంది.

సున్నము గాలిని పీల్చుకొంటూ మెల్లగా రాయి అవుతుంది. తొందరపెడితే పని చెడుతుంది. పలుచని పొరలుగా పూసి, ఒక్కొక్క పొర ఆరనిచ్చి, పది పదిహేను రోజులు తడుపుతూ ఉండాలి. మే నెల ఎండలో పూసిన సున్నము తడి నిలువక పగులుతుంది. మన లెక్కలో క్రిస్మసు వెళ్ళిన తరువాతనుండి శ్రమదినాల ఆరంభము వరకు పూత పనికి మంచి కాలము. డబ్బు చేతికి వచ్చేది ఆ తరువాత కదా అంటారు. నిజమే. అందుచేత ఈ ఎండాకాలపు డబ్బుతో పెంకు పని, కలప పని చేయించి, సున్నము నానబెట్టుకొని, పూతను వచ్చే చలికాలానికి ఉంచుకోండి.

సున్నపు పని తెలిసిన మేస్త్రులు ముసలివారైపోతున్నారు. మీ ఊరిలో అటువంటి తాత ఒకడున్నా, కూలి ఇచ్చి కూర్చోబెట్టి, ఇద్దరు కుర్రవాళ్ళకు నేర్పించండి. అది ఇల్లు నిలిపినంత మేలు.

చేసి చూపినవారు

ఇది అయ్యే పనేనా అంటే, అయిన చోట్లు ఉన్నవి. తమిళనాడులోని తరంగంబాడికి సీగెన్‌బాల్గు అయ్యగారు 1706లో వచ్చారు. తెలుగులోనికి బైబిలు తర్జుమాకు పూనుకొన్న బెంజమిన్ షూల్జ్ గారు 1719లో దిగింది కూడా ఆ ఊరిలోనే. సీగెన్‌బాల్గు ఇల్లు అని పిలిచే అక్కడి పాత ఇంటిని బాగుచేసి 2017లో మ్యూజియముగా తెరిచారు. హైదరాబాదు కోఠీలో కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ 1949 నుండి ఆడపిల్లల కళాశాలగా ఉండి, కప్పు కారి, గోడలు దిగజారి మూతబడే స్థితికి వచ్చింది. దానిని ఏళ్ళ తరబడి ఓపికతో బాగుచేసి 2023లో మళ్ళీ తెరిచారు. కామారెడ్డి జిల్లా దోమకొండలో ఒక కుటుంబము తమ పూర్వికుల కోటను సొంతముగా పూనుకొని నిలబెట్టినందుకు 2022లో యునెస్కో బహుమానము లభించింది. వారు ధనవంతులు, మనము కాము అనవచ్చు. ధనము వారిది గాని పద్ధతి అందరిదీ. ఉన్నదానిని ముందు చూడడం, చెడినంతే తీయడం, అదే జాతి వస్తువు పెట్టడం – దీనికి కోట అవసరము లేదు.

సంఘపు ఆస్తి సంగతి

సంఘ పెద్దలకు ఒక మాట. పురావస్తు శాఖవారి రక్షణలో ఉన్నవి కొద్ది కట్టడాలే. మన పాత గుళ్ళు, బంగళాలు, బడులు చాలావాటికి ఏ చట్టపు కాపుదలా లేదు. వాటికి కాపరులు మనమే. రోడ్డు ప్రక్క స్థలము కనబడగానే దుకాణాల వరుస కట్టి అద్దెలు తీసుకొందామనే ఆలోచన చాలాచోట్ల వస్తున్నది. ఆదాయము అవసరమే. అయితే కారుతున్న కప్పును పదేళ్ళు కావాలని కారనిచ్చి, "శిథిలమైనది" అని తీర్మానము వ్రాసి కూల్చడం న్యాయము కాదు.

యోవాషు రాజు దినాలలో మందిరము పాడైనప్పుడు యాజకులు చాలా ఏళ్ళు కానుకలు తీసుకొన్నారు గాని బీటలు బాగుచేయలేదు. అప్పుడు మూతకు బెజ్జము చేసిన పెట్టె ఒకటి బలిపీఠము ప్రక్కన పెట్టారు. అందులో పడిన డబ్బు లెక్కించి నేరుగా వడ్రంగులకు, కాసెవారికి ఇచ్చారు. మీ సంఘములో అటువంటి పెట్టె ఒకటి, మరమ్మతు కోసము మాత్రమే, పెట్టగలరా? యోషీయా కాలములో మందిరము బాగుచేస్తుండగానే ధర్మశాస్త్ర గ్రంథము దొరికింది. ఆ మందిరమును బాగుచేయక పడగొట్టి ఉంటే ఆ గ్రంథము ఏమయ్యేదో ఆలోచించండి. మన బంగళాల బీరువాలలో కూడా పాత బాప్తిస్మపు రిజిస్టర్లు, బడి హాజరు పట్టీలు చెదలు తింటున్నవి. అనేక కుటుంబాల చరిత్ర వాటిలో తప్ప మరెక్కడా లేదు.

ఏడు దినాల పని

కూల్చాలని నిర్ణయించుకొన్న కుటుంబాలకు మా మనవి. జె.సి.బి.కి బయానా ఇచ్చేముందు ఏడు దినాలు ఆగండి.

మొదటి దినము ఇంటిచుట్టూ నడచి నీరు ఎక్కడ నిలుస్తున్నదో చూడండి. రెండవ దినము కప్పు ఎక్కి పెంకులు, తూములు, మొక్కలు చూడండి. మూడవ దినము చాకు మొనతో దూలాల కొనలను గుచ్చి ఎంత మేర కుళ్ళిందో గుర్తుపెట్టండి. నాలుగవ దినము పగుళ్ళన్నిటి కొనలకు గీత గీసి తేదీ వేయండి. అయిదవ దినము గోడలపై సిమెంటు ఎక్కడ పూశారో, చెమ్మ ఎంత ఎత్తు ఉన్నదో కొలవండి. ఆరవ దినము ఇంటి పెద్దలను కూర్చోబెట్టి ఇల్లు ఎవరు, ఎప్పుడు, ఎట్లు కట్టారో అడిగి వ్రాసుకోండి. ప్రతి గదికీ ఫోటో తీయండి. ఏడవ దినము ఇంటిల్లిపాదీ కూడి, మరమ్మతుకు ఎంత, కొత్త ఇంటికి ఎంత అని రెండు లెక్కలూ ఎదురెదురుగా వ్రాయండి. సున్నము తెలిసిన మేస్త్రి ఒకరి మాట, ఇంజనీరు ఒకరి మాట, రెండూ వినండి.

గోడ బయటికి ఒరిగి ఉంటే, పునాది దిగజారుతూనే ఉంటే, దూలాలు మొత్తము డొల్లలై ఉంటే, పిల్లల ప్రాణాలకంటె ఏ ఇల్లూ ఎక్కువ కాదు. అప్పుడు కూల్చండి. కాని చేతులతో విప్పండి. ద్వారబంధము, తలుపులు, దూలాలు, పెంకులు, సంవత్సరము చెక్కిన రాయి కొత్త ఇంటిలో వాడండి. పాత మేస్త్రి చేసిన వసారాను, ఎదురెదురు కిటికీలను కొత్త ప్లానులో అడగండి.

ఏడు దినాల తరువాత మీరు ఏ నిర్ణయానికి వచ్చినా అది చూచి చేసిన నిర్ణయము అవుతుంది. చాలా ఇళ్ళకు కావలసినది నాలుగు పెంకులు, ఒక దూలపు అతుకు, రెండు బస్తాల సున్నము, ఒక కాలువ మాత్రమేనని ఆ ఏడు దినాలలో తేలుతుందని మా నమ్మకము. మీ ఇంటి గోడలకును, వాటి నీడనున్న మీకును దేవుని కాపుదల తోడైయుండును గాక.